ఏసమ్మ చిల్లుల రవిక

చిట్కుల్ ఏసమ్మ నోట మెచ్చుకోలు మాట రావడమంటే కందికట్టెకు ద్రాక్షలు కాయడమే. కోడి కూస్తే గొంతు బాగాలేదనేది. వాన కురిస్తే, తన చిన్నప్పటి వాన ఇంతకంటే లావుగా ఉండేదనేది. మొగుడు బర్నబా సంఘంలో పెద్దమనిషి, పదిమందికి తగువులు తీర్చేవాడు. ఇంటి గడప దాటి లోపలికొస్తే మాత్రం నీళ్లబిందెకున్న మర్యాద కూడా ఆయనకు లేదు. బిందెనైనా రోజుకోసారి తోమేవారు.

అంతటి ఏసమ్మ కూడా జన్మలో ఒక్క మనిషిని మెచ్చుకుంది. ఆ మనిషి ఎప్పుడో సముద్రం దాటిపోయి అక్కడే సమాధిలో చేరింది కాబట్టి మెచ్చుకోవడానికి భయం లేదు. ఆమె ఒక మిషన్ దొరసాని. ఏసమ్మ తల్లి సంగారెడ్డి బంగ్లాలో ఆ దొరసానికి వంట చేసి పెట్టింది.

ఆ దొరసాని ఎత్తు గురించి ఏసమ్మ చెబుతుంటే తాటిచెట్టుకు సిగ్గేసేది. దూలానికి వేలాడే లాంతరును పీట ఎక్కకుండానే వెలిగించేదట. గుర్రమెక్కితే కాళ్లు నేలకు తగిలి, గుర్రంతో పాటు తానూ నడిచేదట. ఒకసారి నర్సాపూర్ అడవిలో పులి ఎదురైతే, ఆ పులి దొరసాని వేసుకున్న రవికను ఎగాదిగా చూసి, ఇంత మంచి కుట్టు చింపితే పాపం తగులుతుందని తలవంచుకుని పక్కకు తప్పుకుందట.

"పులికున్నపాటి బుద్ధి గూడ గీ ఊరి ఆడోళ్లకు లేకపాయె" అని చివర్లో ఒక మాట అతికించేది ఏసమ్మ.

దొరసాని వెళ్లిపోతూ వంటమనిషికి ఒక బిస్కట్ల డబ్బా ఇచ్చి పోయింది. డబ్బాలో బిస్కట్లు లేవు. మడత పెట్టిన పల్చటి కాగితం ముక్కలున్నాయి. ఒకటి వీపు ఆకారంలో, ఒకటి రొమ్ము ఆకారంలో, ఒకటి చెయ్యి ఆకారంలో కత్తిరించి ఉన్నాయి. వాటిని బట్ట మీద పరిచి అంచు వెంబడి కత్తెర పోనిస్తే దొరసాని వేసుకునే రవిక వస్తుందన్నమాట. ఆ కాగితాల మీద అక్షరం ముక్క లేదు, అంకె లేదు. వరుసలు వరుసలుగా గుండ్రటి చిల్లులు మాత్రం ఉన్నాయి. తల్లి పోయాక డబ్బా ఏసమ్మకు వచ్చింది. దానితో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. అది కోత పండుగ గంప.

కోత పండుగ అంటే చర్చిలో ఏడాదికోసారి, కొత్త పంట ఇంటికొచ్చాక చేసే ఆరాధన. ఒకరు వడ్లు, ఒకరు జొన్నలు, ఒకరు గుమ్మడికాయ, ఇంకొకరు కాళ్లు కట్టేసిన పుంజు తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. అందరికంటే ముందు కొత్తవడ్ల గంపను నెత్తిన పెట్టుకుని, చర్చి వాకిలి నుంచి బల్ల దాకా నడిచేది స్త్రీల సమాజం పెద్ద. ఆ గంప ఎవరు మోస్తే ఏడాదంతా పెత్తనం వాళ్లది. ఏ పాట పాడాలో ఆమె చెప్పాలి. ఎవరి ఇంట్లో ప్రార్థన పెట్టాలో ఆమె చెప్పాలి. తల్లి తర్వాత ఏసమ్మే ఆ గంప మోస్తూ వచ్చింది. గంప నెత్తిన ఉన్నంతసేపూ ఆమె మెడ దొరసాని మెడలా సాగేది. గంప దిగిపోతే మాత్రం ఏసమ్మ కూడా ఊళ్లో ఉన్న పదిమంది ఏసమ్మల్లో ఒక ఏసమ్మే. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే అంత నోరు.

రామచంద్రాపురం దగ్గర పెద్ద ఫ్యాక్టరీ వచ్చి, పటాన్‌చెరు చుట్టూ చిన్న ఫ్యాక్టరీల గోడలు ఒక్కొక్కటే లేస్తున్న కాలమది. ఫ్యాక్టరీలో టర్నర్ పని చేసే దావీదు చిట్కుల్‌లో కిరాయికి దిగాడు. అతని పెళ్లాం సుకుమారి సికింద్రాబాద్ పిల్ల. వస్తూ వస్తూ కాలితో తొక్కే కుట్టు మిషన్ తెచ్చుకుంది. వచ్చిన నెలకే ఊరి ఆడవాళ్లలో సగం మంది ఆమె వాకిట్లో ఈగల్లా వాలారు.

"మిషన్ తొక్కేదానికి గంత ఇకమతా, గంత తెలివా? ఎద్దు గూడ తొక్కుతది కళ్లంల" అంది ఏసమ్మ.

ఆ మాట సుకుమారి చెవిన పడింది. "తొక్కనీయుండ్రి పెద్దమ్మా. ఎద్దు తొక్కితెనే గింజలు రాలేది. ఉత్తగ అరిస్తె రాలుతయా?" అంది ఆమె పళ్లు కనబడేలా నవ్వుతూ.

అలా మొదలైంది. కోత పండుగ దగ్గరపడేసరికి సుకుమారి వైపు ఆడవాళ్లు "ఈసారి గంప కొత్తోళ్లు మోస్తె తప్పేంది?" అనడం మొదలుపెట్టారు. ఏసమ్మ వైపు వాళ్లు "ఫ్యాక్టరీ జీతం తినేటోళ్లకు వడ్ల గంపేంది? బోల్టుల గంప మోయుమను" అన్నారు. పాస్టరు సొలొమోను అయ్యగారు సౌమ్యుడు. సౌమ్యుడంటే, ఇద్దరు ఆడవాళ్లు ఎదురుపడి నిలబడితే ఆ సందులోంచి కాకుండా ఊరు చుట్టి ఇంటికి పోయే రకం. ఆయన ఆలోచించి ఆలోచించి, "పండుగ రోజు పొద్దున ఆరాధనకు ముందు ఆడవాళ్లే చేతులెత్తి తేల్చుకోండి" అని తన చేతులు దులుపుకున్నాడు.

ఏసమ్మ ఆ రోజే అటక మీది నుంచి డబ్బా దింపించింది. ఎక్కింది బర్నబా, తుమ్మింది బర్నబా, తిట్లు తిన్నది కూడా బర్నబాయే. దొరసాని కాగితంతో కుట్టిన రవిక వేసుకుని చర్చిలో అడుగు పెడితే, చేతులెత్తడం కాదు, మోకాళ్ల మీద పడతారని ఆమె నమ్మకం. మర్నాడు వాకిట్లో చాప పరిచి, కాగితం ముక్కలు పేర్చి, చూడ్డానికి అందరినీ పిలిచింది. పిలవకపోయినా సుకుమారి వచ్చింది.

ఆడవాళ్లు ముట్టుకోబోతే ఏసమ్మ చేతుల మీద ఒక్కటేసింది. "కండ్లతోని సూడుండ్రి. మీ చేతుల జిడ్డుకు దొరసాని కాగితం అప్పడమైతది."

"గీ చిల్లులేంది పెద్దమ్మా? చెదలు పట్టినయా?" అందొకామె.

"నీ తలకాయకు పట్టినయే చెదలు! గది దొరసాని రైక పనితనం. రైక నిండా గిట్లనే చిల్లులు, చిల్లు చిల్లుకు చుట్టు సిల్కు దారంతోని పని. మా అమ్మ కండ్లార చూసింది."

సుకుమారి వంగి చూసింది. చూసి, మెల్లగా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"పెద్దమ్మా, అవి పని గాదు, గుర్తులు. ఇగో, వీపు అంచుకు ఉన్నయే, అక్కడ బట్ట మడత పెట్టాలె. చెయ్యి మీద వరుసగ ఉన్నయే, అక్కడ కుచ్చు పెట్టాలె. అప్పుడు భుజం కాడ బుట్టలెక్క లేస్తది. నేను నేర్చుకున్న కాడ గసొంటి పాత కాగితాలు చూపిచ్చిన్రు. చిల్లులు కుట్టరు."

సుకుమారి చెప్పింది నిజం. నిజం చెప్పడంలో తప్పు లేదు కానీ, పదిమంది ముందు ఏసమ్మకు చెప్పడం, అందులోనూ నవ్వుతూ చెప్పడం, కందిరీగల తుట్టెకు ముద్దు పెట్టడం లాంటిది.

"అంటే మా అమ్మ అబద్ధమాడిందంటవు?"

"గట్ల నేనన్నానా?"

"దొరసానికి తెల్వదు, మా అమ్మకు తెల్వదు, నిన్న మొన్న దారం ఎక్కిచ్చుడు నేర్చిన నీకు తెల్సు. సూస్తుండు. ఒక్క చిల్లు ఇడిస్తె నేను ఏసమ్మనే గాదు."

అంతవరకూ ఏసమ్మకు ఆ చిల్లుల గురించి అంత పట్టింపు లేదు. తల్లి చెప్పింది కూడా ఆమెకు సరిగా గుర్తులేదు. కానీ ఇప్పుడు ఒక్క చిల్లు వదిలినా గంప సుకుమారి నెత్తికెక్కినట్టే.

మర్నాడు ఇస్నాపూర్ దాకా నడిచి, బస్సెక్కి, పటాన్‌చెరు బజారులో దర్జీ అబ్దుల్ గనీ దుకాణం ముందు దిగింది. గనీ సాబ్‌కు మిషన్ ఒకటి, కత్తెర ఒకటి, గొప్పలు మాత్రం గోదాము నిండా. తన తాత ఒక నవాబు గారి బేగంను తెర చాటు నుంచి చిటికెన వేలు మాత్రం చూసి, ఆ వేలి లెక్కన నిలువెత్తు పెళ్లి దుస్తులు కుట్టాడని చెప్పేవాడు. ఇంకా గట్టి బేరం తగిలితే, అదే తాత నవాబు గారి ఏనుగుకు షేర్వాణీ కుట్టాడనీ, ఆ ఏనుగు మళ్లీ దాన్ని విప్పనివ్వలేదనీ, చచ్చేదాకా స్నానం కూడా మానేసిందనీ చెప్పేవాడు.

గనీ సాబ్ కాగితాలు చూసి, తల పంకించి, "ఆది తెచ్చినవా అక్కా?" అన్నాడు.

ఆది అంటే తెలియని ఆడది ఆ చుట్టుపక్కల లేదు. కొత్త రవిక కుట్టించాలంటే సరిగ్గా సరిపోయే పాత రవిక ఒకటి దర్జీకి ఇస్తారు. దాని పక్కన పెట్టి కొత్తది కొలుస్తాడు. మనిషి ఒంటి మీద టేపు పెట్టే పనే లేదు.

"ఆది ఎందుకయ్య? కాగితం ఉంది గదా" అంది ఏసమ్మ.

"కాగితం దొరసానిది. ఒళ్లు నీది."

"నా ఆది ఇస్తె అది నా రైకైతది. దొరసాని రైకెట్లైతది? ఇదే ఆది. గీత దాటొద్దు, గీత లోపలికి రావొద్దు."

గనీ సాబ్ ఒకసారి కాగితం వైపు, ఒకసారి ఏసమ్మ వైపు చూశాడు. కాగితం చెరుకుగడలా ఉంది. ఏసమ్మ చెరుకు గానుగలా ఉంది. ఆ మాట చెబుదామని నోరు తెరిచాడు కూడా. అంతలో ఆమె, "సుకుమారి అంటున్నది, గీ చిల్లులు కుట్టేటియి గావట" అంది.

సుకుమారి పేరు వినగానే గనీ సాబ్ గడ్డం నిక్కబొడుచుకుంది. చిట్కుల్ బేరాలన్నీ ఎటు పోతున్నాయో అతనికి తెలుసు. చిల్లుల సంగతి అతనికి ఆవగింజంత తెలియకపోయినా, క్షణం ఆగకుండా అందుకున్నాడు. "ఆ పోరికేం ఎర్క! మా తాత బేగంలకు గిట్లనే కుట్టేటోడు. ప్రతి చిల్లుకు కాజా, ప్రతి కాజాల ఒక ముత్యం. ముత్యం బరువుకు బేగంలు నడవలేక పల్లకి ఎక్కేటోళ్లు. పల్లకీలు గందుకే పుట్టినయి."

"ముత్యాలొద్దు తియ్యి. కాజాలు చాలు" అంది ఏసమ్మ ఉదారంగా.

కాజాలు చేత్తో కుట్టేది గనీ సాబ్ భార్య అనీస్ బేగం. బొత్తాము దూరే చిల్లు చుట్టూ దారం పోగేసి బిగించడమే కాజా. మామూలు రవికకు ముందో వెనకో ఒక్క వరుస ఉంటుంది. దీనికి వీపు నిండా, రొమ్ము నిండా, భుజం చుట్టూ గాజులా ఒక వరుస. అనీస్ బేగం కుట్టి కుట్టి, ఆ తెల్ల పాప్లిన్‌ను మొగుడి ముందు వెలుతురుకు పట్టి, "ఏ జాకెట్ హై కి ఛన్నీ?" అంది. రవికా ఇది, పిండి జల్లెడా అని.

"ఉస్తాదులకు నీతులు చెప్పకు" అన్నాడు గనీ.

"ఉస్తాదువే గాని, గా పెద్దమ్మ దీంట్ల ఎట్ల దూరుతది?"

"దూరుడు ఆమె పని. కుట్టుడు నా పని."

శనివారం సాయంత్రం రవిక ఇంటికొచ్చింది. మర్నాడే పండుగ. కోడి కూయకముందే తొడుక్కోవడం మొదలుపెట్టింది ఏసమ్మ. బొత్తాములు వీపు మీద. దొరసానికి తొడగడానికి ఆయా ఉండేది, ఏసమ్మకు బర్నబా ఉన్నాడు. జీవితంలో నాగలి పట్టాడు, బైబిలు పట్టాడు కానీ, పెళ్లాం వీపు మీద బొత్తాములు పట్టింది అదే మొదలు.

"ఊపిరి పీల్చకు" అన్నాడు బర్నబా, ఆమె నడుముకు మోకాలు ఆనించి.

"పీల్చకుంటె చస్త గదనయ్య!"

"జెరసేపు చావు. బొత్తాము పెట్టినంక మళ్ల బతుకుదువు."

పై బొత్తాముకు చేరేసరికి కింది బొత్తాము ఊడింది. కింద పెడితే మధ్యలోది నోరు తెరిచింది. పొద్దు పొడిచేటప్పటికి ఏసమ్మ మొత్తానికి రవికలో ఉంది. ఉందంటే, గోనెసంచిలో ధాన్యం ఉన్నట్టు. పొడుగు దొరసాని లెక్క కాబట్టి కింది అంచు తొడల దాకా వచ్చి చీర కుచ్చిళ్లలో ముద్ద కట్టింది. రవిక చేతులు ఆమె వేళ్లను మింగేశాయి. చంక దగ్గర మాత్రం ఉడుము పట్టు. రెండు చేతులూ కర్రల్లా పక్కలకు వేలాడాల్సిందే, పైకి లేచే మాటే లేదు.

"చేతులు లేస్తయా?" అడిగాడు బర్నబా.

"దొరసానులు చేతులెత్తరు. పనోళ్లు ఎత్తుతరు" అంది ఏసమ్మ, ఊపిరి అందినంత మేరకు.

ఆమె చర్చి వాకిట్లోకి వచ్చేసరికి నిజంగానే అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. కాజాల్లోంచి గాలి దూరి రవిక సన్నగా ఈల వేసింది. దూరం నుంచి పావురాల గూడు నడిచొస్తున్నట్టుందని ఒకామె అంటే, పక్కామె పైట నోట్లో కుక్కుకుంది. ఏసమ్మ వినలేదు. వినాలంటే తల తిప్పాలి. తల తిప్పాలంటే మెడ బొత్తాము ఒప్పుకోవాలి.

సొలొమోను అయ్యగారు ఆకాశం వైపు చూస్తూ, "సుకుమారమ్మ గంప మోయాలనేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. చేతులు లేచాయి. సుకుమారి తన చెయ్యి కూడా తానే ఎత్తుకుంది, సిగ్గన్నది లేకుండా. పాస్టరు గారి భార్య హన్నా లెక్కపెట్టింది. తర్వాత ఏసమ్మ వైపు వాళ్లు ఎత్తారు. ఒక ముసలామె రెండుసార్లూ ఎత్తితే, "ఎటన్న ఒక దిక్కు ఉండు అవ్వా" అని దించేశారు. హన్నా మళ్లీ లెక్కపెట్టి, మొగుడి ముఖం చూసి, "రెండు పక్కలా సమానమే అయ్యగారూ" అంది.

అయ్యగారి ముఖంలో ప్రాణం పోయింది. ఊరు చుట్టి పోవడానికి అక్కడ వేరే దారి కూడా లేదు.

అప్పుడు హన్నా, "ఏసమ్మ పెద్దమ్మా, నీ చెయ్యేది? నీకు నువ్వు ఎత్తుకోలేదు గదా" అంది.

అందరూ తిరిగి చూశారు. ఏసమ్మ చేతులు పక్కలకు అంటుకుని ఉన్నాయి. ఎత్తితే రవిక ఉండదు. ఎత్తకపోతే గంప ఉండదు. తల్లి మోసిన గంప వాకిలి పక్కన కొత్తవడ్లతో నిండి ఎదురుచూస్తోంది. ఆ పక్కనే సుకుమారి, పైట సర్దుకుని, ఇగ మనదే అన్నట్టు నిలబడింది.

"లేస్తలేదేమో పెద్దమ్మకు. నొప్పేమో పాపం" అంది సుకుమారి.

పాపం అన్న మాట ఏసమ్మ బతుకులో ఎవరినీ అననియ్యలేదు. పళ్లు బిగించి, కుడి చెయ్యి ఎత్తింది. భుజం చుట్టూ గాజులా ఉన్న కాజాల వరుస పోస్టు స్టాంపు చినిగినట్టు, చిల్లు నుంచి చిల్లుకు, టకటకా విడిపోయింది. ఆ చప్పుడు విని చర్చి గోడ మీది ఉడుత పారిపోయిందని ఇప్పటికీ చెబుతారు. రవిక చెయ్యి మొత్తం జారి మోచేతి దగ్గర తొడుగులా వేలాడింది. బోడి భుజం మీద ఏసమ్మ చెయ్యి మాత్రం జెండాకొయ్యలా నిలబడే ఉంది.

"లెక్క పెట్టవమ్మా" అంది ఏసమ్మ హన్నాతో. "లెక్క పెట్టేదాంక దించను."

హన్నా పెట్టింది. ఏసమ్మ గెలిచింది.

ఇక గంప ఎత్తాలి. గంపకు రెండు చేతులూ కావాలి. సుకుమారి దగ్గరికొచ్చి గుసగుసగా, "పెద్దమ్మా, జెర ఆగు, నా శాలువ కప్పుత. రెండోది గూడ పోతది" అంది. ఈసారి ఆమె ముఖంలో నవ్వు లేదు. కానీ ఆ సంగతి చూడ్డానికి ఏసమ్మకు తీరికేది?

"నీ శాలువ నీ మిషన్‌కు కప్పు. దుమ్ము పడుతున్నది."

"అయితె ఎత్తు మరి. నాకేంది!"

ఏసమ్మ ఎత్తింది. రెండో భుజం కూడా మొదటి దాని బాటే పట్టింది. వెనక బొత్తాములు ఒక్కొక్కటే ఎగిరి, వెనక నిలబడ్డ ఆడవాళ్ల ముక్కులకూ చెంపలకూ తగిలాయి. ఒకటి వెళ్లి కాళ్లు కట్టేసిన పుంజు నెత్తిన పడితే, అది తెల్లారిందనుకుని కూసింది. బర్నబా మగవాళ్ల వైపు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. అంత మనసు పెట్టి ఆయన ఎన్నడూ ప్రార్థన చేయలేదు.

చీర పైటను వీపు మీదుగా లాగి పళ్లతో పట్టుకుని, నెత్తిన గంపతో, మోచేతుల దగ్గర రెండు తెల్లటి గుడ్డపేలికలు ఊగుతుండగా, ఏసమ్మ వాకిలి నుంచి బల్ల దాకా నడిచింది. పాట ఎత్తుకోవాల్సిన ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక ఎత్తుకోలేదు. నోట్లో పైట ఉంది కాబట్టి ఏసమ్మ కూడా పాడలేదు. ఆ ఏడాది గంప మూగగా నడిచింది. ఒక్క గింజ కింద పడలేదు. గంపను బల్ల ముందు దింపి, వెనక్కి తిరిగి, నోట్లోంచి పైట తీసి, చర్చి అంతటినీ కలయజూసి అంది:

"సూసిన్రా? దొరసాని కుట్టు అంటె గిదీ. పని పడితె చేతులు వాటికవే ఇడిసిపోతయి. మీ రైకలు ఇడుస్తయా?"

సుకుమారి నోరు తెరిచి, ఏమనాలో తోచక మూసుకుంది. పెళ్లాం మాట లేకుండా నిలబడడం దావీదు పెళ్లయ్యాక చూడడం అదే మొదలు. ఏసమ్మకు ఆ క్షణంలో మనసులోనే దండం పెట్టుకున్నాడంటారు.

హన్నా తన శాలువ తెచ్చి, అడగకుండానే, ఏసమ్మ భుజాల మీద వేసింది. ఏసమ్మ దాని అంచు వేళ్లతో నలిపి చూసి, "నేత పల్చన" అని, గట్టిగా కప్పుకుని, ముందు వరుస చాప మీద మధ్యలో కూర్చుంది. మిగిలిన గంపలూ, గుమ్మడికాయలూ, పుంజూ వచ్చి చేరాయి. సొలొమోను అయ్యగారు చెమట తుడుచుకుని, ప్రసంగం మొదలుపెట్టారు. వారం రోజులుగా తయారు చేసుకున్న ప్రసంగం అది, మార్చడానికి వ్యవధి లేదు. అంశం దీనత్వం. గర్వించినవారు ఎలా తగ్గించబడతారో, తగ్గించుకున్నవారు ఎలా హెచ్చించబడతారో, బల్ల గుద్ది మరీ చెప్పారు.

ఏసమ్మ ప్రతి మాటకూ తల ఊపింది. ఇంత మంచి ప్రసంగం ఈ అయ్యగారి నోట వినలేదనుకుంది. గర్వం అన్న మాట వచ్చినప్పుడల్లా, సుకుమారికి సరిగ్గా వినబడుతోందో లేదోనని, వెనక్కి తిరిగి చూసింది.